వైద్యపరిశోధనకు విత్తుధనము

భీమవరమున 1895వ సంవత్సరమున జన్మించి, చెన్నపురి వైద్యకళాశాలయందు చదివి, అమెరికాలో ప్రసిద్ధికెక్కిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన సభలలో తరచుగా వినబడుచున్నది. ఆయన పటమునకు పూలమాల వేయుటలో మనమెన్నడును వెనుదీయలేదు. కాని ఆయన యోడ నెక్కుటకు సొమ్మెవరిచ్చిరని యడుగువారరుదు. మామగారు కొంత సమకూర్చిరి. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి పేర కాకినాడయందున్న ధర్మసంస్థ సాయము చేయుదునని మాట యిచ్చినది. అప్పటికి సుబ్బారావుగారు ఏ మందును కనుగొనియుండలేదు. ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు గురియై, పెద్ద పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చిన యువకుడాయన. అట్టివానిపై సొమ్ము పెట్టుట నేటి లెక్కల శాఖలకు నచ్చెడి పని కాదు.

ఫలము కనబడకముందే నమ్మకము మీద నిచ్చెడి యీ మొదటి సొమ్మునే మేము విత్తుధనమనుచున్నాము. రైతు ఎంత కరవులోనైనను విత్తనపు గింజలను తినక దాచును. వైద్యపరిశోధన విషయమున మనకా యలవాటు పట్టుపడలేదు.

విత్తుధనము ఒక్క పరిశోధనశాలలోనే పడియున్న చాలదు. సుబ్బారావుగారి చరిత్రమే యిందులకు నిదర్శనము. ఆయన లెడర్లీ సంస్థలో ఫోలికామ్లముపై పనిచేయుచుండగా, బోస్టనునందలి పిల్లల యాసుపత్రిలో సిడ్నీ ఫార్బరుగారు రక్తపు క్యాన్సరుతో మరణించుచున్న బిడ్డలను జూచుచుండిరి. ఆ యామ్లమునకు విరోధియైన అమినాప్టెరిను అను మందు ఆ ప్రయోగశాలనుండి యీ యాసుపత్రికి వచ్చినది. 1948 జూనులో ఫార్బరుగారు ప్రకటించిన వ్యాసమున 16 గురు బిడ్డల చికిత్స వర్ణింపబడినది. వారిలో 10 మందికి కొంతకాలము గుణము కనబడినది. అది తాత్కాలికమే. ఐనను ఆ రోగమునకు మందే లేదన్న మాటకు నాటితో కాలము చెల్లెను. రసాయనజ్ఞుడు రోగిని జూడక, వైద్యుడు రసాయనమును జూడక, ఎవరి గదిలో వారుండిన ఆ పదిమందియు దక్కియుండరు. ఆ యాగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి.

మొదటి సొమ్ము పెద్దదై యుండనక్కరలేదు. 1939లో ఆక్స్‌ఫర్డున ఫ్లోరీగారు పెనిసిలినుపై పని నారంభించుటకు బ్రిటిషు వైద్యపరిశోధన మండలి నాశ్రయింపగా వారిచ్చినది 25 పౌనులు. పిమ్మట రాక్‌ఫెల్లరు సంస్థ ఏటికి 5,000 డాలర్ల చొప్పున ఐదేండ్లిచ్చుటకు అంగీకరించినది. బూజును పెంచుటకు పాత్రలు చాలక ఆసుపత్రులలో రోగులకు మంచముకడ నిచ్చెడి మూత్రపాత్రలను తెచ్చిరి. 1941 ఫిబ్రవరిలో ర్యాడ్‌క్లిఫ్ ఆసుపత్రియందు ఒక పోలీసువానికి మందిచ్చిరి. నిలువ చాలనందున అతని మూత్రమునుండియే మందును తిరిగి తీసి మరల నెక్కించిరి. మెరుగైనవాడు, మందు తరిగిపోయి మార్చిలో మరణించినాడు. ఆ మరణమును ఓటమిగా లెక్కవేసి సొమ్మాపినవారెవరును లేకపోవుట మన యదృష్టము.

దూరదేశముల మాట యటుండనిండు. చెన్నపురివారమైన మనము మన వాకిటనే జరిగినదానిని మరచితిమి. 1956లో భారత వైద్యపరిశోధన మండలి, నాటి మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిషు వైద్యపరిశోధన మండలి కలిసి యీ నగరమున క్షయచికిత్సా కేంద్రమును స్థాపించిరి. క్షయరోగులందరిని ఆరోగ్యశాలలలో నుంచుటకు పడకలు లేవు. ఇండ్లవద్దనే మందిచ్చిన సరిపోవునా యన్నది ప్రశ్న. నగరములోని పేదపేటలనుండి వచ్చిన 193 రోగులను చీట్లు వేసినట్లుగా రెండు భాగములు చేసి, ఒక భాగమును ఇంటివద్దను, ఒక భాగమును ఆరోగ్యశాలయందును ఉంచి, ఏడాదిపాటు ఒకే మందులిచ్చిరి. 1959లో ఫలితము వెలువడినది. ఇండ్లలో తిండి చాలదు, గదులిరుకు, విశ్రాంతి తక్కువ. ఐనను గుణము రెండు భాగములవారికిని ఇంచుమించు సమానముగనే యుండెను. ఇంటిలోనివారికి రోగము అధికముగ సోకినదియు లేదు. క్షయయనిన కొండలమీది ఆరోగ్యశాలయే శరణ్యమన్న మాట ప్రపంచమంతటను ఆ పరిశోధనతో సడలిపోయెను. ఐదేండ్ల పరిమితితో నేర్పడిన ఆ కేంద్రమే నేడు చేటుపట్టునందు జాతీయ క్షయపరిశోధన సంస్థ యను పేర వెలయుచున్నది. ఆసుపత్రులలో మందులకే సొమ్ము చాలనప్పుడు పరిశోధన మేలయని యాక్షేపించువారు, ఈ యొక్క పరిశోధనవలన ఎన్ని పడకల వ్యయము తప్పినదో యోచింతురుగాక.

ఇట్టి పనులు మరల నేల తరచుగా జరుగుట లేదు? బుద్ధిమంతులు లేకగాదు. మే మెరిగిన యొక సంగతిని జెప్పెదము.

కొన్నియేండ్ల క్రిందట ఒక పెద్ద యాసుపత్రిలోని వైద్యుడును, ఒక విశ్వవిద్యాలయములోని జీవరసాయనాచార్యుడును ఒడంబడిక వ్రాయించుకొనుటకు మాయొద్దకు వచ్చిరి. వైద్యుడు మధుమేహమువలన కాలిపుండ్లు పడినవారిని తొమ్మిదేండ్లుగా జూచుచు, ఎవరి పుండు మానినది, ఎవరి కాలు తీయవలసి వచ్చినది గీతల పుస్తకములలో స్వహస్తముతో వ్రాసి పెట్టెను. కాలు పోవుటకు ముందే రక్తములో నేదైన సూచన కనబడునా యని పరీక్షింపవలెనని ఆచార్యుని కోరిక. వలసినది ఆరు లక్షల రూపాయలు: రెండేండ్లకు ఒక సహాయకుని జీతము, రక్తమును నిలువయుంచు శీతలయంత్ర మొకటి. అంతే.

విశ్వవిద్యాలయపు లెక్కల శాఖ, యంత్రము ఆసుపత్రిలో నుండును గనుక మా సొమ్ముతో కొనవలనుపడదనెను. ఆసుపత్రివారు, సహాయకుడు విశ్వవిద్యాలయపు విద్యార్థి గనుక జీతము మా పద్దులో పడదనిరి. ఇరువురి వాదమును నియమములకు సరియైనదే. ఇంక మా పాలు దోషమును దాచుట తగదు. ఇంకను కనుగొనని వస్తువుపై రాబోవు పేటెంటు హక్కులో ఎవరికెంత భాగమను నొక్క నిబంధనపై మేమును, ఎదుటిపక్షపు న్యాయవాదియు నాలుగు నెలలు లేఖలు వ్రాసికొంటిమి. ఇన్సులిను కనుగొన్నవారు 1923లో తమ పేటెంటును తలకొక డాలరునకు టొరాంటో విశ్వవిద్యాలయమున కిచ్చివేసిరన్న సంగతి అప్పుడును మాకు తెలియును. ఇరువది నెలలకు విద్యార్థి వేరు నగరమున ఉద్యోగము సంపాదించుకొని పోయెను. ఒడంబడిక సంతకము కాలేదు.

కావున లోపము సొమ్ములో కంటె, రెండు సంస్థల నడుమనున్న యా సందులో నున్నది. ఆ సందునకే యుద్దేశింపబడిన ధనము వలయును. ఇరువురు కలిసి యడిగిననే తప్ప ఒక్కరికి ఈయగూడదు. ఐదారు లక్షలకు మించనక్కరలేదు. రెండేండ్లకు మించి సాగగూడదు. సొమ్ము ఏ గోడకు లోపల ఖర్చైనదో అడుగక, ఏ పనికి ఖర్చైనదో మాత్రమే యడుగవలెను. ఏమియు తేలకపోయినను, తేలలేదని నిజాయితీతో వ్రాసి ప్రకటించినచో ఋణము తీరినట్లే యెంచవలెను. రోగి సమ్మతి, నైతికసమితి యనుమతి విషయమున మాత్రము ఎట్టి సడలింపును తగదు. 2019లో వచ్చిన నూతన ఔషధముల, చికిత్సాపరీక్షల నియమములును, 2017 నాటి వైద్యపరిశోధన మండలి మార్గదర్శక సూత్రములును ఈ విషయమున స్పష్టముగనే యున్నవి. పేదరోగి రక్తము అడుగక తీసికొన దగిన వస్తువు కాదు.

కేంద్రప్రభుత్వము చేయదా యందురేమో. 2023లో పార్లమెంటు అనుసంధాన జాతీయ పరిశోధన సంస్థను చట్టముచే నెలకొల్పినది. ఐదేండ్లలో 50,000 కోట్ల రూపాయల ప్రణాళిక యని చెప్పిరి. మంచిదే. కాని అంత పెద్ద నదినుండి ఆరు లక్షల చెంబుడు నీళ్లు తోడుటకు కావలసిన త్రాడు మన వైద్యునియొద్ద లేదు. చిన్న సొమ్ము దగ్గరివారే యీయవలెను.

అందులకు చట్టమున నడ్డంకియు లేదు. 2013 నాటి కంపెనీల చట్టపు 135వ సెక్షను ననుసరించి పెద్ద కంపెనీలు తమ లాభములలో నూటికి రెండు వంతులు ప్రజాహితమునకు వెచ్చింపవలెను. ప్రభుత్వ ధనముతో నడచు విశ్వవిద్యాలయములలోని వైద్యపరిశోధన కిచ్చు సొమ్మును 2019లో ఏడవ షెడ్యూలునందు స్పష్టముగా జేర్చిరి. ఈ నగరమున కంపెనీల లెక్కలు వ్రాయువారిలోను, సలహాలిచ్చువారిలోను, వాని పాలకవర్గములలోను తెలుగువారు తక్కువగా లేరు. సంవత్సరాంతమున వెచ్చింపవలసిన సొమ్మునకు దారి వెదకుచు వారు పడు తొందర మాకు తెలియనిదికాదు.

ఇక మన ధర్మసంస్థల మాట. కలవల కన్నన్ చెట్టిగారి ధర్మములు, కన్యకాపరమేశ్వరీ దేవస్థాన ధర్మములు ఈ నగరమున తరతరములుగా విద్యాదానము చేయుచున్నవి. తమిళ బాలుడా, తెలుగు బాలుడా యని చూడక చేయుచున్నవి. పాత దానపత్రములలో విద్య, వైద్యము అను రెండు మాటలును పక్కపక్కనే యుండుట మేమనేక పర్యాయములు చూచితిమి. ఆ రెంటిని కలిపెడి పనికి దానకర్త యెట్లు అడ్డుచెప్పును? ధర్మకర్తలు పత్రమును మరియొకసారి చదివించుకొనిన మేలు. ఒడంబడిక నమూనాను రెండు పుటలకు మించకుండ, పేటెంటు నిబంధనను ఒక్క వాక్యములో ముగించి, ప్రతిఫలము గొనక వ్రాసియిచ్చుటకు మేము సిద్ధముగ నున్నాము.

పైని చెప్పిన వైద్యుడు వచ్చు వేసవిలో ఉద్యోగవిరమణ చేయనున్నాడు. ఆ పుస్తకములు ఇప్పటికి పదునాలుగైనవి. ఆయన గదిలోని యినుపబీరువాలో నున్నవి. తరువాత వచ్చువారికి గది ఖాళీచేసి యీయవలసియున్నది గనుక, వానిని తన యింటికి గొనిపోవచ్చునా, అవి ఆసుపత్రి సొత్తా యని మొన్న మమ్మడిగెను.