మీ కుక్కకి కోడి అంటే ఇష్టం అక్కర్లేదు, బోర్ కొట్టాలి

సంక్రాంతికి కుక్కని ఊరికి తీసుకెళ్లేవాళ్లు, పెరట్లో నాలుగు కోళ్లు పెంచుతూ ఇంట్లో కుక్కని కూడా పెంచుకునేవాళ్లు ఈ ఎపిసోడ్ చివరిదాకా చూడండి. టిప్స్‌లోకి వెళ్లేముందు నేను చేసిన తప్పు చెప్తాను.

మా బ్రూనో లాబ్రడార్. హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో పెరిగాడు. వాడికి కోడి అంటే గిన్నెలో ఉడికించిన ముక్క, అంతే. ఒక పండక్కి తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరు తీసుకెళ్లాను. రెండు రోజులు గొలుసుతో కట్టేశాం. కోళ్లని చూసి తోక ఊపుతూనే ఉన్నాడు. మూడో రోజు పొద్దున "ఫ్రెండ్లీగానే ఉన్నాడు కదా" అనుకుని గొలుసు విప్పేశాను.

అదే టైమ్‌కి గంపలో గుడ్లు పొదుగుతున్న పెట్ట గింజలు తినడానికి బయటికి వచ్చింది. పొదుగు మీద ఉన్న పెట్ట రోజులో కాసేపే లేస్తుంది. వీణ్ణి చూసి బెదిరి, రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తింది. నేను పేరు పెట్టి అరిచేలోపే అయిపోయింది. వాడు దాన్ని నోట కరుచుకుని తోక ఊపుకుంటూ నా దగ్గరికే తెచ్చాడు.

అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. లోపలికెళ్లి గంపలో గుడ్లు ముట్టుకుని చూసింది. పదకొండు గుడ్లు. ఆ రోజుకి పదిహేను రోజులు అయ్యాయి, ఇంకో ఆరు రోజులైతే పిల్లలు వచ్చేవి. పొదిగే పెట్ట ఇంకోటి ఇంట్లో లేదు.

సరే, అసలు ఏం జరిగింది? బ్రూనోకి కోపం రాలేదు, ఆకలీ లేదు. కుక్క బుర్రలో వేట అనేది కొన్ని స్టెప్పులుగా ఉంటుంది. చూడటం, చూపు నిలపడం, నక్కి నక్కి దగ్గరికెళ్లడం, తరమడం, పట్టుకోవడం, చంపడం. మనుషులు ఒక్కో జాతిలో ఒక్కో స్టెప్పుని పెంచారు. లాబ్రడార్‌ని వేటగాడు కొట్టిన పక్షిని నోట పట్టి తెచ్చేలా పెంచారు. జర్మన్ షెపర్డ్ గొర్రెల మందని కాసేది. మన రాజపాళయం, ముధోల్ కుక్కలైతే పరిగెత్తే జంతువుని చూస్తే ఆగలేవు, వాటిని పెంచిందే వేటకి. తరమడానికి స్విచ్ ఏంటంటే కదలిక. కోడి రెక్కలు కొట్టుకుని పరిగెత్తిందంటే ఆ స్విచ్ పడినట్టే. తోక ఊపడం అంటే ఉత్సాహం. దాన్ని నేను స్నేహం అనుకున్నాను.

అందుకే మన టార్గెట్ కుక్కకీ కోడికీ ఫ్రెండ్‌షిప్ కుదర్చడం కాదు. కోడి కనిపిస్తే కుక్కకి బోర్ కొట్టాలి. రీల్స్‌లో కుక్క వీపు మీద కోడి కూర్చున్న సీన్ మర్చిపోండి. కోడి పక్కనుంచి వెళ్తుంటే కుక్క ఆవలించాలి. అదీ సక్సెస్.

ఇప్పుడు స్టెప్స్ చూద్దాం.

ఒకటి, గూడు. కోళ్లకి వాడే పల్చటి షట్కోణం జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ, కుక్కని బయట ఆపలేదు. పళ్లతో చింపేస్తుంది. వెల్డ్ చేసిన గట్టి మెష్ వేయండి. కుక్క కిందనుంచి తవ్వకుండా ఆ మెష్‌ని ఒక అడుగు బయటికి నేల మీద పరిచి మట్టి కప్పండి. తలుపుకి గొళ్లెం మస్ట్, తాడుతో కట్టి వదిలేయొద్దు.

రెండు, ఒక మాట. కోళ్లు లేని చోట, ఇంట్లోనే "వద్దు" నేర్పండి. గుప్పిట్లో తిండి పెట్టుకుని మూసేయండి. కుక్క మూతి పెట్టి గెలుకుతుంది, గీరుతుంది, ఏమీ ఇవ్వొద్దు. మొహం పక్కకి తిప్పుకున్న సెకండ్‌లో రెండో చేత్తో ఇంకోటి ఇవ్వండి. వదిలేస్తేనే లాభం అని దానికి అర్థం కావాలి. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. అమ్మ "ఏయ్", నాన్న "ఛీ", మీరు "నో" అంటే పాపం దానికి ఏం అర్థమవుతుంది?

మూడు, దూరం. ముందు కుక్కని బాగా నడిపించి అలసిపోనివ్వండి. కోళ్లు గూట్లోనే ఉండాలి, కుక్కకి బెల్టూ తాడూ ఉండాలి. ముప్పై అడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి. ఎంత దూరం సరిపోతుందో తెలుసుకోవడానికి ఈజీ టెస్ట్: మీ చేతిలో తిండి తింటోందా? తినకుండా కోడి వంకే చూస్తుంటే బాగా దగ్గరికి వచ్చేశారు, వెనక్కి వెళ్లండి. కోడి మీంచి చూపు తిప్పి మీ వైపు చూసిన ప్రతిసారీ తిండి ఇవ్వండి. ఐదు నిమిషాలు చాలు, రోజుకి రెండుసార్లు.

కోడి వైపు కూడా చూడండి. మెడ నిక్కించి, మేత మానేసి, కొక్కొక్కొ అని అరుస్తోందంటే దానికి భయంగా ఉంది. అది మామూలుగా గింజలు ఏరుకుంటుంటేనే మీరు సరైన దూరంలో ఉన్నట్టు.

నాలుగు, కదలిక. ఇదే అందరూ స్కిప్ చేసే స్టెప్, నేను కూడా చేసింది. గూట్లో కూర్చున్న కోడిని చూసి ఊరుకున్న కుక్క, ఎగిరే కోడిని చూసి ఊరుకుంటుందని గ్యారంటీ లేదు. కుక్క తాడు మీద ఉండగానే ఇంట్లో ఎవరితోనైనా గూట్లో నూకలు చల్లించండి. కోళ్లు ఉరుకుతాయి, పొడుచుకుంటాయి, రెక్కలు కొడతాయి. అప్పుడు కూడా "వద్దు" అంటే మీ వైపు తిరగాలి. తిరక్కపోతే మళ్లీ దూరం పెంచండి.

ఐదు, పొడవాటి తాడు. రోజుల తరబడి ఇదంతా బోర్‌గా జరిగాకే కోళ్లని బయటికి వదలండి, కుక్కకి పదిహేను, ఇరవై అడుగుల తాడు ఉంచి. తాడు చివర మీ చేతిలోనే ఉండాలి.

డేంజర్ సిగ్నల్స్ గుర్తుపెట్టుకోండి. నోరు టక్కున మూసేయడం, ఒళ్లు బిగుసుకోవడం, ముందు కాలు ఒకటి పైకెత్తి ఆగిపోవడం, రెప్ప వేయకుండా చూడటం, వణుకుతూ కూనిరాగం తీయడం. తల కిందికి దించి నేలకి ఆనుకుని పడుకుంటే రెస్ట్ తీసుకుంటోంది అనుకోవద్దు, అది పొంచి ఉండటం కూడా కావచ్చు. వీటిలో ఏది కనిపించినా అరవకుండా, మాట్లాడకుండా పక్కకి నడిపించుకెళ్లండి.

పిల్లల కోడితో మాత్రం ట్రయల్స్ అసలు వద్దు. అది తనే కుక్క మొహం మీదకి ఎగురుతుంది. కుక్క కన్నైనా పోతుంది, కోడి ప్రాణమైనా పోతుంది.

ఒకవేళ కుక్క ఇప్పటికే కోడిని పట్టుకుంటే? కొట్టడం వల్ల లాభం లేదు. కోడిని చూస్తే యజమానికి పిచ్చెక్కుతుంది అని మాత్రమే దానికి అర్థమవుతుంది, మీరు లేనప్పుడు మళ్లీ పట్టుకుంటుంది. కోడి బతికుంటే, పైకి గాయం చిన్నగా కనిపించినా వదిలేయొద్దు. కుక్క పంటి గాటు లోతుగా దిగుతుంది, లోపల చీము పడుతుంది. ఈకలు తప్పించి శుభ్రమైన నీళ్లతో కడిగి, చీకటిగా, వెచ్చగా ఉండే అట్టపెట్టెలో పెట్టి పశువుల డాక్టర్‌కి చూపించండి. ఆంధ్రాలో, తెలంగాణలో మొబైల్ పశువైద్య సేవలకి 1962 నంబర్ ఉంది.

ఇంకో చిన్న విషయం. కుక్కలు కోడి రెట్ట తింటాయి. అందులో సాల్మొనెల్లా ఉండొచ్చు, అదే నోటితో మీ మొహం నాకుతాయి. రెట్ట ఎప్పటికప్పుడు ఎత్తేయండి, చేతులు కడుక్కోండి, కుక్కకి నట్టల మందు టైమ్‌కి వేయించండి.

ఇప్పుడు అసలు క్వశ్చన్. "బ్రో, నేను ఊరికి నాలుగు రోజులకే వెళ్తున్నా, ఇవన్నీ అయ్యే పనేనా?" కాదు. వారాలు పడుతుంది, కొన్ని కుక్కలకి నెలలు. నాలుగు రోజుల ట్రిప్‌లో పరిచయమే పెట్టొద్దు. టైమ్ పంచేయండి. పగలు పెరడు కోళ్లది. చీకటి పడేవేళకి కోళ్లు వాటంతట అవే గూటికి చేరతాయి. గొళ్లెం పెట్టారా లేదా ఒకసారి మీ చేత్తో లాగి చూసి, అప్పుడు కుక్కని వదలండి. పగలు నడక అంటే తాడు మీద, పొలం గట్టు వైపు.

మేం ఇప్పుడు అదే చేస్తున్నాం. మధ్యలో కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గరే ఉండి పనిచేసినప్పుడు బ్రూనోకి ఈ స్టెప్పులన్నీ చేయించాను. మొన్న వెళ్తే వేపచెట్టు కింద తాడు మీద పడుకున్నాడు. పుంజు ఒకటి వాడి నీళ్ల గిన్నెలో నీళ్లు తాగింది. వాడు ఒకసారి చూసి, తల అటు తిప్పి పడుకున్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

"చూశావా అమ్మమ్మా, మారిపోయాడు, ఇప్పుడు తాడు తీసేయనా?" అన్నాను.

"వాడు మారాడు సరే నాన్నా, నువ్వు మారావా?" అంది.

తాడు తీయలేదు ఫ్రెండ్స్. మీరు కూడా, మనిషి పక్కన లేకుండా కుక్కనీ కోళ్లనీ ఒకచోట వదలొద్దు, ఎన్నేళ్లైనా సరే. పండక్కి కుక్కతో ఊరెళ్లే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, బస్ ఎక్కేలోపే ఈ ఎపిసోడ్ పంపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.