బొమ్మల ఊళ్లో వెయ్యి ఉరుల మర్రి

నిర్మల్ అనగానే మనకు షోకేసులోని కొయ్యబొమ్మలే గుర్తొస్తాయి కదూ! పొనికి కర్రతో చేసి, రంగులద్దిన ఆ పండ్లూ పిట్టలూ కొనుక్కుని బస్సెక్కేస్తాం. ఈసారి వెళ్తే, పిల్లల్ని ఎల్లపెల్లి దారికీ తీసుకెళ్లండి. ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ రాంజీ గోండునూ, ఆయన వెంట నిలిచిన గోండులు, రోహిల్లాలు వెయ్యిమందినీ 1860లో అక్కడి మర్రిచెట్టుకే ఉరితీశారని చెబుతారు. అదే వెయ్యి ఉరుల మర్రి!

ఇప్పుడా చెట్టు లేదు. రాంజీ పేరు మిగిలింది. తక్కిన వాళ్ల పేర్లు ఎందరికి తెలుసు? వాళ్లూ ఏ తల్లులు కన్న బిడ్డలో! అక్కడ ఓ నిమిషం నిలబడి పిల్లలకు ఆ కథ చెప్పండి. మనం చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? బొమ్మలు ఆ తర్వాత కొనుక్కోవచ్చు.