కోళ్ళ జబ్బు - మన ప్రేగులు

ఆదివారమునాడు విశాఖపట్నములో కోడిమాంసపు దుకాణముల ముందు రద్దీ చూడనివారుండరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారములలో బర్డ్ ఫ్లూ బయటపడినదన్న వార్త రాగానే "కోడి తినవచ్చునా?" అను ప్రశ్న ఇంటింట పుట్టినది. మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఆ వ్యాధితో మరణించినది. బిడ్డ పచ్చిమాంసపు ముక్క తిన్నదని ఇంటివారు చెప్పినట్లు వార్తలు వచ్చినవి. జ్వరము, ఆయాసములతోబాటు విరేచనములు కూడ కలిగినవట. ఊపిరితిత్తుల జబ్బునకు ప్రేగులతో ఏమి పని?

మనుష్యులలో ఇన్‌ఫ్లుయెంజా ముఖ్యముగా శ్వాసకోశముల వ్యాధి. నీటిబాతులలోనో, ఆ వైరసు ప్రేగులలోనే పెరుగును. అవి తరచు జబ్బుపడకయే రెట్టలో వైరసును వదలుచుండును.

ఈ భేదమునకు కారణమేమి? కణముల పైపొరమీద సియాలిక్ ఆమ్లమను చక్కెరజాతి పదార్థము ఉండును. వైరసు మీది హీమాగ్లుటినిన్ అను మాంసకృత్తు దానినే పట్టుకొని లోనికి ప్రవేశించును. ఈ ఆమ్లము ప్రక్కనున్న చక్కెరతో రెండు విధములుగా ముడిపడి యుండును. పక్షుల ప్రేగులలో ఒక ముడి, మన ముక్కు, గొంతులలో మరియొక ముడి అధికము. అందుచేతనే కోళ్ళ వైరసు మనకు సులభముగా అంటదు.

అయినను పక్షులలోని ముడి మన ఊపిరితిత్తుల లోతులలోను, ప్రేగులలోను కొంత కలదు. ప్రయోగశాలలో మానవుని ప్రేగుల కణములలో హెచ్5ఎన్1 వైరసు వృద్ధిచెందినది. 2004లో వియత్నాములో తీవ్రమైన విరేచనములతో మరణించిన ఒక బాలుని మలములో సజీవ వైరసు దొరికినది.

ప్రేగులకు రక్షణ లేకపోలేదు. జఠరరసములోని ఆమ్లము, పిత్తరసము వైరసును చాలవరకు నాశనము చేయును. ప్రేగుల జిగటలోను సియాలిక్ ఆమ్లము ఉండుటచే, మిగిలినది అందులో చిక్కుకొనును. కాని ఆ చిక్కును తెంచుకొనుటకు వైరసునకు న్యూరమినిడేజ్ అను కత్తెరయు కలదు! కనుక ఈ కోటను నమ్మి పచ్చిమాంసము నోట పెట్టరాదు. మనుష్యులకు ఈ జబ్బు ఎక్కువగా సోకునది జబ్బుకోళ్ళను ముట్టుకొనుటవలన, వాటి రెట్టల ధూళిని పీల్చుటవలన అనియు మరువరాదు.

మరి కోడి తినవచ్చునా? తినవచ్చును, బాగుగా ఉడికించి. ముక్క లోపలి భాగము కూడ 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి చేరినచో వైరసు చచ్చును. ఎక్కడను గులాబిరంగు మిగులరాదు. పచ్చిమాంసము తరిగిన కత్తిని, పీటను, చేతులను సబ్బుతో కడుగవలెను. సబ్బు వైరసు చుట్టునున్న క్రొవ్వుపొరను కరిగించును. ముక్కలు కడుగునప్పుడు, తరుగునప్పుడు పిల్లలను దూరముగా ఉంచుట అన్నిటికంటె ముఖ్యము.