వనపర్తి పల్లీకి లిమా పాత చుట్టం.. అమెరికా వెళ్లిన పాలమూరు పేరెంట్స్ పెరూ టూర్ ప్లాన్ చేస్తే ఇవి చూసుకోవాల్సిందే!

అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకో, కూతురో ఉన్న ఇళ్లు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో తక్కువేం లేవు. అమ్మానాన్నలు విజిటర్ వీసాపై వెళ్తారు. నయాగరా, న్యూయార్క్ చూశాక "ఇంకెక్కడికైనా పోదామా?" అనే మాట వస్తుంది. ఆ లిస్టులో మచు పిచ్చు ఉంటే, ముందు దిగాల్సింది పెరూ రాజధాని లిమాలో. చాలామంది లిమాను విమానం మారే ఊరుగానే చూస్తారు. కానీ పల్లీ పండించే మన ప్రాంతం వాళ్లు కనీసం రెండు రోజులు ఆగి చూడాల్సిన నగరం అది. అయితే రెండు కాగితాల దగ్గర తేడా వస్తే మొత్తం ట్రిప్పే దెబ్బతింటుంది. అవేంటి? లిమాలో ఏం చూడాలి? తెలుసుకుందాం.

వీసా ఎవరికి అక్కర్లేదు?

మామూలుగా ఇండియన్ పాస్‌పోర్టుకు పెరూ వీసా కావాలి. కానీ 2017 నుంచి ఒక సడలింపు ఉంది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా లేదా షెంగెన్ వీసా ఉండి, దానికి ఇంకా కనీసం 6 నెలల గడువు ఉంటే విడిగా పెరూ వీసా లేకుండానే టూరిస్టుగా వెళ్లొచ్చు. అమెరికా 10 ఏళ్ల విజిటర్ వీసా ఉన్న పేరెంట్స్‌కు ఇది బాగా పనికొస్తుంది. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు పెరూ ఎంబసీ సైట్ ఒకసారి చూసుకోవాలి.

హైదరాబాద్ నుంచే నేరుగా వెళ్లాలనుకుంటే డైరెక్ట్ ఫ్లైట్ లేదు. యూరప్ మీదుగానో, అమెరికా మీదుగానో పోవాలి. అమెరికాలో విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాల్సిందే. అదే మయామి, అట్లాంటా, హ్యూస్టన్ నుంచైతే లిమాకు డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నాయి.

మొదటి చిక్కు: పిల్లల వీసా స్టాంప్

పేరెంట్స్ వీసా బాగానే ఉంటుంది, ఇబ్బంది పిల్లలకే రావొచ్చు. హెచ్-1బీ అప్రూవల్ పేపర్ ఉంది కదా అని, పాస్‌పోర్టులో స్టాంప్ గడువు అయిపోయినా అమెరికాలో పని చేసుకుంటూ ఉంటారు. అమెరికాలో ఉన్నంతవరకు ఓకే. దేశం దాటితే మాత్రం తిరిగి రావడానికి స్టాంప్ ఉండాలి. కెనడా, మెక్సికోకు 30 రోజుల్లోపు వెళ్లొచ్చేవారికి కొన్ని షరతులతో ఒక మినహాయింపు ఉంది. అది పెరూకు వర్తించదు. తెలియక వెళ్తే స్టాంపింగ్ కోసం అటు నుంచి అటే ఇండియాకు రావాల్సిన పరిస్థితి వస్తుంది. ఉద్యోగం, స్కూల్‌కెళ్లే పిల్లలు, ఇంటి అద్దె.. అన్నీ అక్కడ ఉండగా ఇది చిన్న విషయం కాదు.

రెండో చిక్కు: యెల్లో కార్డు

ఇండియా యెల్లో ఫీవర్ దేశాల లిస్టులో పెరూ ఉంది. ఈ జ్వరం ముప్పు ఉన్నది అమెజాన్ అడవుల వైపు. లిమా నగరంలో కాదు. కానీ ఇండియా రూల్ దేశం మొత్తానికి వర్తిస్తుంది. పెరూ వదిలిన 6 రోజుల్లోపు ఇండియాలో దిగితే వ్యాక్సిన్ సర్టిఫికెట్ చూపించాలి. లేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. లిమా నుంచి డల్లాస్ వచ్చి, మర్నాడే శంషాబాద్ ఫ్లైట్ ఎక్కినా లెక్క ఇదే.

ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు టీకా వేయించుకోవాలి, ఎందుకంటే సర్టిఫికెట్ 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. 60 ఏళ్లు దాటినవారికి సైడ్ ఎఫెక్ట్స్ రిస్క్ కాస్త ఎక్కువ. అందుకే డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయం తీసుకోవాలి.

లిమాలో దిగాక..

హోర్హే చావెజ్ ఎయిర్‌పోర్టు లిమాను ఆనుకుని ఉన్న కయావో అనే రేవు పట్టణంలో ఉంది. 2025 జూన్‌లో కొత్త టెర్మినల్ మొదలైంది. ట్యాక్సీని లోపలి కౌంటర్ దగ్గరే బుక్ చేసుకోవడం సేఫ్. కరెన్సీ పేరు సోల్. నల్లా నీళ్లు తాగొద్దు, బాటిల్ నీళ్లే తాగాలి. రోడ్డు మీద ఫోన్ చేతిలో పట్టుకుని తిరగొద్దు, లాక్కెళ్లేవాళ్లు ఉంటారు. టైమ్ మనకంటే పదిన్నర గంటలు వెనక. ఇంటికి కాల్ చేసేటప్పుడు గుర్తుంచుకోవాలి. బిల్డింగుల్లో "ఎస్" అక్షరంతో ఆకుపచ్చ బోర్డులు కనిపిస్తాయి. భూకంపం వస్తే నిలబడాల్సిన సురక్షిత చోటు అని దానర్థం.

మట్టి కోట చూసిన కళ్లతో మట్టి పిరమిడ్

సోమనాద్రి కట్టించిన గద్వాల మట్టికోట మనకు తెలుసు. లిమాలోని మిరాఫ్లోరెస్ ఏరియాలో, అపార్ట్‌మెంట్ల మధ్యలోనే ఉవాకా పుక్యానా అనే మట్టి పిరమిడ్ ఉంది. ఇంకా రాజ్యానికి చాలా ముందు, సుమారు 1,500 ఏళ్ల కిందట కట్టారు. చిన్న చిన్న మట్టి ఇటుకలను అలమారాలో పుస్తకాల్లా నిలువుగా, మధ్యలో సందులు వదిలి పేర్చారు. భూకంపాన్ని తట్టుకోవడానికే ఈ పద్ధతి అని పరిశోధకులు చెబుతారు. 1981లో తవ్వకాలు మొదలయ్యాకే దీని రూపం బయటపడింది. ఇన్నేళ్లు నిలవడానికి మరో కారణం.. లిమాలో వాన దాదాపు పడదు. సముద్రం పక్కనే ఉన్నా అది ఎడారి నగరం. సుమారు కోటి మందికి రీమాక్ నదే ప్రధాన ఆధారం. నీటి విలువ తెలిసిన పాలమూరు వాళ్లకు ఈ సంగతి ఇట్టే ఎక్కుతుంది.

పల్లీ కుండలు చూశారా?

ఇక అసలు విషయానికొద్దాం. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల చేలల్లో పండే పల్లీ ఈ గడ్డ మీద పుట్టింది కాదు. దక్షిణ బొలీవియా, అర్జెంటీనా సరిహద్దుల్లో పుట్టిందని శాస్త్రవేత్తలు తేల్చారు. పెరూ ఉత్తర భాగంలో 7,000 ఏళ్లకు పైబడిన పల్లీ అవశేషాలు దొరికాయి. యూరప్ వాళ్ల ఓడల్లో ప్రపంచమంతా తిరిగి మన దగ్గరికి వచ్చింది. ఇప్పుడు పాలెం వ్యవసాయ పరిశోధనా కేంద్రం, పటాన్‌చెరు ఇక్రిశాట్ దాని మీద పని చేస్తున్నాయి.

1926లో మొదలై, ఇప్పుడు లిమాలో ఉన్న లార్కో మ్యూజియంలో మోచే ప్రజలు చేసిన పల్లీకాయల ఆకారం మట్టి పాత్రలు ఉన్నాయి. కాయ మీది గీతలు, నడుము దగ్గరి నొక్కు కూడా అలాగే కనిపిస్తాయి. 1987లో బయటపడ్డ సిపాన్ ప్రభువు సమాధిలోనైతే 10 బంగారు, 10 వెండి పల్లీకాయల హారం దొరికింది. అది ఉత్తరాన లంబాయెకే మ్యూజియంలో ఉంది. మనం పాయింటు లెక్కన పొట్లం కట్టి తినే పల్లీని వాళ్లు రాజు మెడలో వేశారన్నమాట!

పాత నగరం, తిండి

1535లో స్పెయిన్ సేనాని పిజారో స్థాపించిన పాత లిమా యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. ప్లాజా మేయర్, శాన్ ఫ్రాన్సిస్కో మఠం కింది నేలమాళిగలు ఒక్క పూటలో చూడొచ్చు. సాయంత్రం మిరాఫ్లోరెస్ సముద్రపు గట్టు బాగుంటుంది.

వెజిటేరియన్లు "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని చెప్పాలి. మాంసం, చికెన్, చేప వద్దని అర్థం. ఉడికించిన ఆలుగడ్డపై పనీర్ లాంటి చీజ్, పసుపు రంగు మిర్చితో చేసిన సాస్ వేసే పాపా ఆ లా వాంకాయినా, గారెల్లా కనిపించే తీపి పికరోనెస్ ట్రై చేయొచ్చు. పల్లీలు కావాలంటే "మానీ" అని అడగండి.

కుస్కోకు తొందరపడొద్దు

మచు పిచ్చు వెళ్లే దారిలోని కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. తలనొప్పి, ఆయాసం రావొచ్చు. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు ముందే డాక్టర్‌ను అడగాలి. అక్కడికి చేరిన మొదటి రోజు రెస్ట్ తీసుకోవాలి. డాక్టర్ వద్దంటే బాధపడాల్సిన పనిలేదు. సముద్ర మట్టానికి దగ్గర్లోనే ఉన్న లిమాలో అమ్మానాన్నలు హాయిగా ఉండొచ్చు. పల్లీకాయల పాత్రలు అక్కడే ఉన్నాయి కదా!