నమూనా పడవకు తగిన రేడియో ప్రేషకము

1898వ సంవత్సరమున న్యూయార్కు నగరములోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనమునందు నికొలా టెస్లా ఒక చిన్న పడవను నీటి తొట్టిలో నడిపి చూపెను. దానికి తాడు గాని తీగ గాని లేదు. దూరమున నిలిచి ఆయన పంపిన విద్యుత్ తరంగములే దాని చుక్కానిని త్రిప్పినవి, మరను నడిపినవి, దీపములను వెలిగించినవి. ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన ఆయనకు దీనిపై పేటెంటు లభించెను. రేడియోతో నడచు యంత్రములలో మొదటిది విమానము కాదు, బండియు కాదు, పడవయే.

నేడు ఈ విద్య ఆటగానే మిగిలి యుండలేదు. విశాఖపట్టణములోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలయందు కొత్త ఓడల నమూనాలను 500 మీటర్ల పొడవుగల కాలువలో లాగి పరీక్షింతురు. అలలు పుట్టించు మరియొక విశాలమైన తొట్టిలో నమూనాలు ఏ బంధమును లేక స్వేచ్ఛగా తిరుగుచుండగా వాటి నడకను కొలుతురు. ఉన్నత పాఠశాల విద్యార్థి కొయ్యతోనో, థర్మోకోలుతోనో చేసిన పడవ పరిమాణమున చిన్నదే గాని, దానిని నడపు సూత్రములు అవియే.

కడప జిల్లా కమలాపురము వంటి చోట ఈ పనికి పూనుకొనిన పాఠశాలకు రెండు చిక్కులు గలవు. మొదటిది నీరు. పాపాఘ్ని పెన్నలో కలియు ఈ ప్రాంతమున నది సంవత్సరములో అధిక భాగము ఇసుకయే. చెరువులలో నీరు నిలుచునది వానలు పడిన తరువాత కొద్ది నెలలు మాత్రమే. రెండవది డబ్బు. ఈ రెండింటికంటె పెద్దది మూడవ చిక్కు. నెలల తరబడి కష్టపడి చేసిన పడవ చెరువు నడుమ ఆగిపోయినప్పుడు, దానికొరకు పిల్లవాడు నీటిలోనికి దిగబోవును. పూడిక మట్టి, లోతు తెలియని గుంటలు గల చెరువులో అది ప్రాణాపాయము. కావున ప్రేషకము కొనునప్పుడు అడుగవలసిన ప్రశ్న “ఎంత చౌక?” అని మాత్రమే కాదు, “సంకేతము తెగినచో పడవ ఏమి చేయును?” అనియు అడుగవలెను.

ఛానెళ్లు ఎన్ని కావలెను?

ప్రేషకమునుండి విడివిడిగా పంపగల ఆజ్ఞలలో ఒక్కొక్కదానికి ఛానెలని పేరు. విమానమునకు సాధారణముగా నాలుగు కావలెను. పడవకు రెండు చాలును: ఒకటి చుక్కానికి, రెండవది మోటారు వేగమునకు. తెరచాప పడవకును రెండే. మోటారునకు బదులు తెరచాప త్రాటిని చుట్టు సర్వోకు రెండవ ఛానెలు వాడుదురు. లోపలికి చేరిన నీటిని తోడు పంపునకో, దీపమునకో మూడవది ఉండిన మేలు. పది ఛానెళ్ల పెట్టెకు డబ్బు పోయుట వృథా.

గ్రాహకము ప్రతి ఛానెలు ఆజ్ఞను విద్యుత్ స్పందనముగా మార్చి సర్వోకు అందించును. స్పందనము 1.5 మిల్లీసెకండ్లు ఉన్నచో చుక్కాని నడుమ నిలుచును. 1 మిల్లీసెకండైన ఒక ప్రక్కకు, 2 మిల్లీసెకండ్లైన రెండవ ప్రక్కకు తిరుగును. ఇట్టి స్పందనములు సాధారణముగా సెకండునకు 50 సార్లు వచ్చును. ఈ పద్ధతి దాదాపు అన్ని కంపెనీలకును ఒకటే. అందుచేత ఒకరి సర్వోను మరియొకరి గ్రాహకమునకు తగిలింపవచ్చును. కాని ప్రేషకమునకును గ్రాహకమునకును నడుమ గాలిలో సాగు భాష మాత్రము కంపెనీకొక తీరుగా నుండును. ఈ రెండింటిని ఒకే వ్యవస్థకు చెందినవిగా చూచి కొనవలెను.

ఏ తరంగము?

పూర్వము బొమ్మ పడవలకు 27 మెగాహెర్ట్జుల తరంగములు వాడుచుండిరి. కాంతివేగమును పౌనఃపున్యముచే భాగించిన తరంగదైర్ఘ్యము వచ్చును గదా! ఆ లెక్కన 27 మెగాహెర్ట్జులకు తరంగదైర్ఘ్యము 11 మీటర్లు. అందుకే పాత ప్రేషకములకు పొడవైన ఏరియల్ ఉండెడిది. అందులో వాడుకకు వచ్చినవి ఆరే పౌనఃపున్యములు. ఒకే స్ఫటికముగల ఇద్దరు ఒకే చెరువు దగ్గర చేరినచో ఒకరి ఆజ్ఞ మరొకరి పడవను త్రిప్పెడిది.

నేటి ప్రేషకములలో అధికము 2.4 గిగాహెర్ట్జులవి. వీటి తరంగదైర్ఘ్యము 12.5 సెంటీమీటర్లు; అందులో నాల్గవ వంతు, అనగా సుమారు 31 మిల్లీమీటర్లు, ఏరియల్‌కు చాలును. పెక్కు వ్యవస్థలలో ప్రేషకము ఒకే పౌనఃపున్యమున నిలువక ఒకదానినుండి మరియొకదానికి దుముకుచు పోవును. పైగా ప్రతి సందేశములో తన గుర్తింపు సంఖ్యను చేర్చును. గ్రాహకము తనకు పరిచయమైన సంఖ్యకే లోబడును. కావున పలు పడవలు ఒకేసారి నడచినను తగవు రాదు. భారత ప్రభుత్వము 2005లో ఈ పట్టీని నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు అవసరము లేనిదిగా ప్రకటించెను. పాత 27 మెగాహెర్ట్జుల పెట్టె ఉచితముగా వచ్చినను క్రొత్తవారికి 2.4 గిగాహెర్ట్జులదే తగినది.

ఒక లోపము మాత్రము గలదు. ఈ చిన్న తరంగములను నీరు త్వరగా హరించును. నీట మునుగు నమూనాలకు ఇవి పనికిరావు. పడవలోనైనను గ్రాహకపు ఏరియల్ నీటి మట్టమునకు పైన ఉండవలెను. కొయ్య, థర్మోకోలు తరంగమును పోనిచ్చును; రేకు అడ్డగించును.

ఎంత దూరము?

పెట్టెపై “ఒక కిలోమీటరు” అని వ్రాసియుండుట చూచి మోసపోరాదు. 60 సెంటీమీటర్ల పడవ 70 మీటర్ల దూరమున కంటికి పూర్ణచంద్రుని వెడల్పున కనబడును. 140 మీటర్లకు అందులో సగము. అప్పుడు ముక్కు ఏదో, తోక ఏదో తెలియదు. పడవ తిరిగిన దిక్కు తెలియనివానికి తరంగము చేరియు ప్రయోజనము లేదు. 100 మీటర్ల వరకు నమ్మకముగా పనిచేయు పెట్టె పాఠశాలకు చాలును.

అయితే నీటిమీద ఒక విశేషము గలదు. శూన్యమున దూరము రెట్టింపైన సంకేతశక్తి నాల్గవ వంతగును. నీటికి అతి సమీపముగా సాగునప్పుడు నేరుగా వచ్చు తరంగమును నీటిపై ప్రతిఫలించిన తరంగము చాలవరకు రద్దు చేయును. అప్పుడు దూరము రెట్టింపైన శక్తి 16వ వంతునకు పడిపోవును. దీనికి విరుగుడు ఖర్చులేనిది. ఏరియల్‌ను నీటినుండి 5 సెంటీమీటర్ల ఎత్తునుండి 10 సెంటీమీటర్లకు లేపిన అందు శక్తి సుమారు నాలుగు రెట్లగును. అట్లే నీటి అంచున నిలుచుటకంటె చెరువు కట్టపై నిలిచి నడుపుట మేలు. కన్నునకును పడవ స్పష్టముగా కనబడును.

సంకేతము తెగినప్పుడు

బ్యాటరీ నీరసించినను, ఏరియల్ తడిసినను సంకేతము తెగును. అప్పుడు కొన్ని చౌక గ్రాహకములు చివరి ఆజ్ఞనే పట్టుకొని యుండును. పూర్ణవేగమున పోవు పడవ అదే వేగమున ఆవలి గట్టు రాళ్లకు తగులును, లేదా మరవవైపు పోవును. మంచి గ్రాహకము సందేశములు ఆగిన కొద్దిసేపటికే ముందు నిర్ణయించిన స్థితికి మోటారును తెచ్చును. దీనికి ఫెయిల్‌సేఫ్ అని పేరు. పడవకు ఆ స్థితి “మోటారు ఆగుట” కావలెను. ఆగిన పడవను గాలి మెల్లగా ఏదో ఒక గట్టుకు చేర్చును. ఇది లేని పెట్టెను ఎంత తక్కువ ధరకైనను కొనరాదు. కొన్నిటిలో ఇది ఉన్నను దానంతట అది పనిచేయదు. కొనినవారే మెనూలో నిర్ణయింపవలెను. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 అను ఆరు ఛానెళ్ల పెట్టె ఇట్టిదే.

చేతికి తగినది

ప్రేషకములు రెండు రూపములలో దొరకును. తుపాకి పిడివలె పట్టుకొని చక్రము త్రిప్పునది ఒకటి. రెండు కర్రలు గలది మరొకటి. వేగపు పడవకు చక్రము సులభము. మీట వదలిన మోటారు ఆగును. విమానములకు ఉద్దేశించిన కర్రల పెట్టెలో వేగపు కర్ర వదలినచోటనే నిలుచును. వెనుకకును నడచు పడవకు ఆ కర్ర తనంతట నడిమికి వచ్చుట మంచిది. కొనుటకు ముందు దీనిని చూడవలెను.

ఖర్చు లెక్క

ధర అనగా పెట్టె ధర ఒక్కటే కాదు. గ్రాహకము వెంట వచ్చునా, అదనపు గ్రాహకము విడిగా దొరకునా, ఎన్ని బ్యాటరీలు కావలెను అను మూడింటిని కూడవలెను. పలు నమూనాల వివరములను జ్ఞాపకముంచుకొను ప్రేషకము ఒక్కటున్నచో నాలుగు తరగతుల నాలుగు పడవలకు నాలుగు గ్రాహకములు కొనిన చాలును, ఒక్కొక్కటిగా నడుపవచ్చును. మరల నింపుకొను నికెల్ బ్యాటరీలు మొదట ఖరీదైనను ఒక్క సంవత్సరములోనే ఆదా చూపును. విదేశమునుండి నేరుగా తెప్పించుకొనుటకంటె దేశములోని వర్తకునివద్ద కొనుట సుఖము. రేడియో పరికరముల దిగుమతికి అనుమతుల నియమములు గలవు. చెడిన సామాను మార్చుకొనుటయు సులభము.

అటల్ టింకరింగ్ ల్యాబు గల పాఠశాలలకు మరొక మార్గము గలదు. ఆర్డినో బోర్డు, ఎన్ఆర్ఎఫ్24 రేడియో ముక్క జతగా తీసికొని ప్రేషకమును, గ్రాహకమును విద్యార్థులే నిర్మింపవచ్చును. ఆ ముక్కకు 3.3 వోల్టులే ఈయవలెను. సెకండునకు 250 కిలోబిట్ల నెమ్మది వేగమున వాడిన దూరము పెరుగును. “అర సెకండు సందేశము రానిచో మోటారు ఆపుము” అను ఆజ్ఞను ప్రోగ్రాములో వారే వ్రాయవలెను. దానిని వ్రాసిన విద్యార్థికి ఫెయిల్‌సేఫ్ అర్థమైనట్లే.

నీట దించుటకు ముందు

పడవను బల్లపై బిగించి, ప్రొపెల్లరు గాలిలో నుంచి, మోటారును మెల్లగా నడిపి ప్రేషకమును ఆర్పవలెను. మోటారు ఆగనిచో ఆ దినము చెరువునకు పోరాదు. తరువాత మైదానమున, పడవను నేలపై నుంచి, ఒకరు దానివద్ద నిలువగా మరొకరు ప్రేషకముతో వంద మీటర్లు నడచి చుక్కాని తిరుగుచున్నదో లేదో చూడవలెను. ఎల్లప్పుడును మొదట ప్రేషకమును వెలిగించి తరువాత పడవను వెలిగింపవలెను. ఆర్పునప్పుడు ముందు పడవను, పిదప ప్రేషకమును.

చెరువువద్ద గాలి వీచు దిక్కున, ఆవలి గట్టుమీద ఒక పెద్దను నిలుపవలెను. గట్టి దారమునకు కట్టిన టెన్నిసు బంతి ఒకటి దగ్గర ఉంచుకొనవలెను. ఆగిన పడవకు ఆవల దానిని విసరి మెల్లగా లాగిన పడవ దారమునకు తగుల్కొని వచ్చును. అదియు సాధ్యము కానిచో గాలి తెచ్చువరకు వేచియుండవలెను. ఎట్టి పరిస్థితిలోను పడవకొరకు ఎవరును నీటిలో దిగరాదు. ఈ నియమమును ఉపాధ్యాయుడు మొదటి దినమే చెప్పవలెను. పడవ పోయినను మరొకటి చేయవచ్చును.