ఫిలింనగర్ నీడలో చిన్న నాటిక

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే స్టూడియోలు, తారల భవంతులు గుర్తుకొస్తాయి. అవే గుట్టల వాలులోని బస్తీలు, దాపునే ఉన్న కృష్ణానగర్ ఇరుకు గదులు గుర్తుకు రావు. సెట్లు వేసే వడ్రంగులు, లైట్లు మోసే కార్మికులు, జూనియర్ ఆర్టిస్టులు ఎందరో ఉండేది అక్కడే. తెలుగు సినిమా వీరి శ్రమతో నడుస్తుంది. వీరి కథను మాత్రం వీరి చేత రాయించదు. ఇలాంటి చోట యువతీయువకులు తామే రాసి, తామే దర్శకత్వం వహించి, తామే నటించే చిన్న నాటికను కాలక్షేపంగా కొట్టిపారేయకూడదు. కథ చెప్పే హక్కు ఎవరిదన్న కులప్రశ్న అందులో ఉంది.

సినిమాకు పెట్టుబడి కావాలి. నిర్మాణం, పంపిణీ, థియేటర్లు ప్రధానంగా కొన్ని సంపన్న కులాల చేతుల్లో ఉన్నాయి కనుక ఏ కథ తెరకెక్కాలో తేల్చేదీ వారే. అరగంట నాటికకు నలుగురు మనుషులు, కొంత ఖాళీ జాగా, సాయంత్రం రెండు గంటల తీరిక చాలు. పెట్టుబడి లేనివారు ఎవరి అనుమతీ అడగకుండా మాట్లాడగల మాధ్యమం ఇది.

దీనికి మన నేలలో పాత వేర్లున్నాయి. చిందు కళాకారులు తరతరాలుగా ఆడిన జాంబపురాణంలో జాంబవుడు బ్రాహ్మణుడితో పుట్టుక గురించి, పెద్దరికం గురించి వాదిస్తాడు. ఆడవేషం, మగవేషం రెండూ కట్టిన చిందు ఎల్లమ్మ ఆ సంప్రదాయపు బిడ్డ. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి కూలి కుటుంబాలు పిల్లలను బడికి పంపాయని పెద్దలు చెబుతారు. 1940లలో ప్రజానాట్యమండలి ‘మాభూమి’ నాటకాన్ని ఊరూరా ఆడింది. ఆ మండలి నుంచి ఎందరో సినిమాకు వెళ్లారు. గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీశారు. నటులూ గొంతులూ బాణీలూ తెరకు చేరాయి. పాలేరు తన కథ తానే చెప్పుకునే హక్కు మాత్రం చేరలేదు.

యువబృందాల అభ్యాసాల్లో కూర్చున్నప్పుడు నేను గమనించింది ఒకటుంది. మొదటి ప్రతి నిండా సినిమా భాషే ఉంటుంది. పనిమనిషి పాత్ర చేతులు కట్టుకుని ‘అయ్యగారూ’ అంటుంది. అప్పుడు ఎవరో ఒకమ్మాయి లేచి, “మా అమ్మ అట్ల మాట్లాడదు” అంటుంది. అక్కడినుంచి నాటిక మారిపోతుంది. పనిచేసే ఇంట్లో తల్లికి విడిగా పెట్టిన గ్లాసు, గది అద్దెకిచ్చే ముందు యజమాని అడిగే ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న వేదిక మీదికి వస్తాయి. బయటి రచయిత ఎంత సానుభూతితో రాసినా ఆ గ్లాసు దగ్గరికి చేరడం కష్టం.

అయితే యువబృందం అయినంత మాత్రాన కులం గుమ్మం బయటే ఆగిపోదు. ఇంగ్లిష్ చదువు ఉన్నవాడు దర్శకుడు, వాడ నుంచి వచ్చినవాడు డప్పు కొట్టేవాడు, నల్లని అమ్మాయికి ఎప్పుడూ పనిమనిషి వేషం అయితే, ఆ నాటిక సంభాషణల్లో ఎంత అంబేడ్కర్ ఉన్నా ఆచరణలో పాత ఊరే ఉన్నట్టు. రచన, దర్శకత్వం, వేషాలు, వేదిక ఊడ్చే పని అందరి మధ్యా మారుతూ ఉండాలి.

ఈ నాటికలు సినిమా అవకాశానికి మెట్లే కదా అని కొందరు తేలికచేస్తారు. బతుకుతెరువు కోసం సినిమాకు వెళ్లడంలో తప్పేమీ లేదు. తన కథ తాను రాయడం నేర్చుకుని వెళ్లినవారు అక్కడ వేషంతోపాటు కలాన్ని కూడా అడుగుతారు.

ఇప్పుడు కావలసింది జాగా. 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్ చిన్న బృందాలకు ఆరుబయట వేదిక ఎంత అవసరమో చూపింది. అలాంటిది బస్తీకి నడిచివెళ్లే దూరంలో ఉండాలి. ప్రభుత్వ పాఠశాలల ఆవరణలను, నగరపాలక సంస్థ కమ్యూనిటీ హాళ్లను సాయంత్రాలు ఈ యువతకు అద్దె లేకుండా ఇవ్వాలి. విశ్వవిద్యాలయాల రంగస్థల విద్యార్థులు అక్కడికి వెళ్లాలి. నేర్పడానికి ముందు వినాలి.