వెనిగర్, వంట సోడా కలిపి పోస్తే బాత్రూమ్ నిజంగా క్లీన్ అవుతుందా?

టైటిల్ చూసి "ఏంటన్నా, ఫోన్లు, యాప్‌లు వదిలేసి బాత్రూమ్‌లోకి దిగావ్" అనుకుంటున్నారు కదా. కారణం ఉంది. రీల్స్ ఓపెన్ చేస్తే చాలు, ఒకాయన టైల్స్ మీద వంట సోడా చల్లుతాడు, పైనుంచి వెనిగర్ పోస్తాడు, బుస్సుమని నురగ పొంగుతుంది, కట్ చేస్తే బాత్రూమ్ అద్దంలా ఉంటుంది. ఆ కట్‌కి ముందు, తర్వాత మధ్యలో ఏం జరిగిందో మాత్రం ఎవరూ చూపించరు. ఈ రోజు ఆ మధ్యలో ఉన్న సంగతి మాట్లాడుకుందాం. మీరు పీజీలో ఉన్నా, ఫ్రెండ్స్‌తో అద్దెకి ఉన్నా, ఇంట్లో అమ్మ చేస్తుంటే చూస్తూ కూర్చునే బ్యాచ్ అయినా, ఇది మీకే.

ముందు ఒక మాట. కోడ్‌లో ఎర్రర్ వస్తే మెసేజ్ చదవకుండా ఫిక్స్ చేయం కదా? ఇక్కడా అంతే. ముందు ఆ మరక ఏంటో తెలియాలి. బాత్రూమ్‌లో మురికి అంటే ఒకటే మురికి కాదు. కుళాయి మీద తెల్లగా గట్టిగా పేరుకునేది ఒకటి. బకెట్ లోపల జిడ్డుగా, బూడిద రంగులో పట్టేది ఇంకొకటి. టైల్స్ సందుల్లో నల్లగా వచ్చేది వేరే. కమోడ్‌లో నీళ్లు కారే చోట ఎర్రటి చార మళ్లీ వేరే. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు.

మొదట తెల్లది. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో వాడకానికి వచ్చేది బోరు నీళ్లే, ఎండాకాలం అయితే ట్యాంకర్. వాటినే మనం ఉప్పు నీళ్లు అంటాం. నిజానికి అందులో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తినే ఉప్పు కాదు, కాల్షియం, మెగ్నీషియం. బీటెక్ ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తుందా? ఈడీటీఏ టైట్రేషన్, వైన్ రెడ్ నుంచి బ్లూ కలర్‌కి మారాలి, రీడింగ్ పక్కవాడి రికార్డులోంచి ఎత్తేవాళ్లం. అదే ఇది. నీళ్ల హార్డ్‌నెస్. తాగే నీళ్లకి మన దేశంలో ఉన్న ప్రమాణం ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల వరకు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. బోరు నీళ్లలో ఇది ఎక్కువగా ఉంటే, కుళాయి మీద నిలిచిన చుక్క ఆరిపోయినప్పుడు నీళ్లు పోతాయి, కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. అంటే దాదాపు సున్నపురాయి. మీరు సబ్బు పెట్టి ఎంత రుద్దినా సున్నపురాయి కరగదు. పైగా సబ్బు ఆ కాల్షియంతో కలిసి ఇంకో జిడ్డు తయారుచేస్తుంది, బకెట్ లోపల బూడిద రంగులో పట్టేది అదే. అందుకే ఉప్పు నీళ్లతో తల స్నానం చేస్తే సబ్బు నురగ రాదు, జుట్టు అట్టకడుతుంది.

సున్నాన్ని కరిగించేది పులుపు. సింపుల్. నిమ్మకాయ, వెనిగర్, నిమ్మ ఉప్పు, ఏదైనా. వీటిలో నా ఓటు నిమ్మ ఉప్పుకే. కిరాణా షాపులో అడిగితే చిన్న ప్యాకెట్ ఇస్తారు, వెనిగర్‌లా ఘాటు వాసన ఉండదు, రేటు కూడా తక్కువ. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాలు కలపండి. పాత బనియన్ గుడ్డ అందులో ముంచి కుళాయికి చుట్టేయండి. పదిహేను, ఇరవై నిమిషాలు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది నీళ్లతో బాగా కడిగేయండి. మెరిసే కోటింగ్ ఉన్న కుళాయి అయితే రాత్రంతా వదిలేయొద్దు, కోటింగ్ పోతుంది. షవర్ నుంచి నీళ్లు పక్కలకి పిచికారీ కొడుతున్నాయా? రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. ఒక పాలిథిన్ కవర్‌లో ఇదే నీళ్లు పోసి, షవర్ తల మునిగేలా రబ్బర్ బ్యాండ్‌తో కట్టి గంట ఆగండి. ప్లంబర్‌ని పిలవాల్సిన పని లేదు.

కమోడ్‌లో ఎర్రటి చార ఉంది చూశారా, అది ఇనుము. బోరు నీళ్లలో ఉన్న ఇనుము తుప్పుగా మారి అంటుకుంటుంది. చాలామంది దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. అది తుప్పుని తీయదు, ఇంకా గట్టిపరుస్తుంది. దానికీ నిమ్మ ఉప్పే.

ఇప్పుడు అసలు రీల్ దగ్గరికి వద్దాం. వెనిగర్ అంటే ఎసిటిక్ యాసిడ్. వంట సోడా అంటే క్షారం. రెండూ కలిస్తే ఏమవుతుంది? బుస్సుమని వచ్చేది కార్బన్ డయాక్సైడ్, మన సోడా కాయలో ఉండే గ్యాసే. మిగిలేది నీళ్లు, అందులో కరిగిన సోడియం ఎసిటేట్ అనే ఉప్పు. అంటే పులుపు పోయింది, క్షారం పోయింది, మీ చేతిలో ఉన్నది కొంచెం ఉప్పగా ఉన్న నీళ్లు. రెండు ఆయుధాలు ఒకదాన్ని ఒకటి కొట్టుకుని చచ్చిపోయాయి, మరక మాత్రం హాయిగా కూర్చుంది. ఆ రీల్‌లో క్లీన్ అయింది నురగ వల్ల కాదు, కట్ తర్వాత ఆయన రుద్దిన బ్రష్ వల్ల.

ఈనో ప్యాకెట్ హ్యాక్ కూడా ఉంది కదా, కమోడ్‌లో వేస్తే తళతళ అని. లేబుల్ చదవండి. సోడా, నిమ్మ ఉప్పు ఒకే ప్యాకెట్‌లో ఉంటాయి. అదే కథ, ఇంకొంచెం ఎక్కువ రేటుకి. కోక్ పోయడం అంటారా, అందులో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంది కాబట్టి కొద్దిగా పనిచేస్తుంది, కాకపోతే చక్కెర జిగురు కడగాలి, చీమల్ని కూడా మీరే చూసుకోవాలి. కోక్ తాగేయండి బ్రో.

అలాగని వంట సోడా వేస్ట్ అని కాదు. విడిగా వాడండి. కొద్దిగా నీళ్లు కలిపి పేస్ట్‌లా చేసి టైల్స్ సందుల్లో, వాష్ బేసిన్ మీద రుద్దితే, గీతలు పడకుండా జిడ్డు తీస్తుంది. అది కడిగేశాక పులుపు వాడండి. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో నీళ్లు. ఇంకోటి, కుంకుడుకాయ. మన అమ్మమ్మలు దీంతో తలంటు పోసేవాళ్లు, నగలు, ఇత్తడి సామాను తోమేవాళ్లు. సబ్బులాగా ఇది కాల్షియంతో కలిసి జిడ్డు కట్టదు, అందుకే ఉప్పు నీళ్లలో కూడా పనిచేస్తుంది. కుళాయిలకి, బకెట్లకి చాలా బాగుంటుంది. కళ్లలో పడితే మాత్రం చిన్నప్పటి ఆదివారాలన్నీ ఒకేసారి గుర్తొస్తాయి.

పులుపు వాడే ముందు కింద ఏ రాయి ఉందో చూడండి, ఇది ముఖ్యం. పాత ఇళ్లలో బాత్రూమ్ నేలకి తాండూరు బండలు, షాబాద్ బండలు, కడప బండలు వేసుంటారు. అవన్నీ సున్నపురాళ్లే. మార్బుల్ కూడా అదే జాతి. మీరు మరకని కరిగించడానికి పోసిన పులుపు బండనే కరిగిస్తుంది, నునుపు పోయి గరుకుగా అయిపోతుంది, ఆ తర్వాత మురికి ఇంకా ఎక్కువ పడుతుంది. డౌట్ ఉంటే మూలన ఎవరికీ కనబడని చోట ఒక్క చుక్క నిమ్మరసం వేయండి. బుడగలు వచ్చాయా, ఆ నేల మీద పులుపు బంద్. గిన్నెలు తోమే లిక్విడ్, బ్రష్, అంతే. అద్దె ఇల్లైతే ఈ టెస్ట్ మీ అడ్వాన్స్‌ని కాపాడుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త సీరియస్. స్పీడ్ పెంచి చూస్తున్నవాళ్లు ఒక్కసారి తగ్గించండి.

మన ఇళ్లలో సింక్ కింద రెండు బాటిళ్లు ఉంటాయి. ఒకటి టాయిలెట్ క్లీనర్, హార్పిక్ లాంటిది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని ఉంటుంది. ఇంకొన్ని ఇళ్లలో డైరెక్ట్‌గా బాత్రూమ్ యాసిడే ఉంటుంది. రెండోది బ్లీచ్, లేదా బ్లీచింగ్ పౌడర్. "ఇది సగం, అది సగం పోస్తే డబుల్ పవర్" అనుకుంటాం. ఈ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. 1915 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఈప్ర్ దగ్గర జర్మన్లు సైనికుల మీదకి వదిలింది ఇదే గ్యాస్. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా యాసిడ్‌లే, వాటిని బ్లీచ్‌తో కలిపినా క్లోరిన్ వస్తుంది. "నేచురల్ కదా" అంటే కెమిస్ట్రీ వినదు.

ఇంకో విషయం. క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేల దగ్గర ఉంటుంది. మనం బాత్రూమ్ ఎలా కడుగుతాం? గొంతు కూర్చుని, ముఖం కిందకి పెట్టి, వాసన హాల్లోకి రాకూడదని తలుపు వేసుకుని. నాలుగడుగుల గదిలో. గ్యాస్ ఎక్కడ ఉంటుందో ముక్కు సరిగ్గా అక్కడే.

ఇది ఎవరు పీలుస్తున్నారో కూడా ఆలోచించండి. చాలా ఇళ్లలో అమ్మ. చాలా ఫ్లాట్లలో పనికి వచ్చే అక్క. ఆమెకి మనం రెండు బాటిళ్లు చేతికిచ్చి "బాగా కడుగక్కా" అని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాం. లేబుల్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆమె దగ్గుకుంటూ బయటికి వస్తే "ఘాటు ఎక్కువ" అని వదిలేస్తాం. ఆ లేబుల్ చదవడం వచ్చిన మనం ఒక్క నిమిషం పెట్టి చెబితే సరిపోతుంది: "అక్కా, ఈ రెండూ ఎప్పుడూ కలపొద్దు, ఒక రోజు ఒకటే వాడు, తలుపు తీసి ఉంచు." ఇంకా బెటర్, ఒక బాటిల్ ఇంట్లోంచే తీసేయండి. విడి యాసిడ్ అయితే అసలే వద్దు. 2013లో సుప్రీంకోర్టు దాని అమ్మకం మీద గట్టి నియమాలే పెట్టింది, కొనేవాళ్ల ఐడీ చూడాలి, కారణం రాసుకోవాలి, 18 ఏళ్ల లోపు వాళ్లకి అమ్మకూడదు అని.

ఎప్పుడైనా ఘాటు వాసన వచ్చి, కళ్లు మండి, దగ్గు ఆగకపోతే, బాటిల్ మూత పెట్టడానికి కూడా ఆగొద్దు. బయటికి వచ్చేయండి, కిటికీలు తెరవండి, గ్యాస్ పోయేదాకా మళ్లీ లోపలికి వెళ్లొద్దు. ఊపిరి ఆడకపోతే 108. కళ్లలో పడితే మామూలు నీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. యాసిడ్‌కి విరుగుడు అని కంట్లో సోడా నీళ్లు పోసే తెలివి మాత్రం చూపించకండి.

మరి బ్లీచింగ్ పౌడర్ ఎక్కడ వాడాలి? టైల్స్ సందుల్లో నల్లటి బూజుకి. అదొక్కటే వాడే రోజున, లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా, చేతికి గ్లోవ్స్, తలుపు బార్లా. పది నిమిషాలు ఉంచి కడిగేయండి. కలిపిన నీళ్లు దాచుకోవద్దు, బలం పోతుంది. బూజు మళ్లీ మళ్లీ వస్తోందంటే బాత్రూమ్ ఆరట్లేదని అర్థం. స్నానం అయ్యాక ఒక్కసారి వైపర్ లాగి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు వేసి ఉంచండి. ఫినాయిల్ గురించి అడిగేవాళ్లకి: మంచి వాసన, కొంత వరకు క్రిములు చస్తాయి, మరకలకి దానితో సంబంధం లేదు.

చివరగా జాలీ. నీళ్లు పోవట్లేదని అందులో సోడా, వేడి నీళ్లు, వెనిగర్ అన్నీ పోస్తారు. లోపల ఉన్నది జుట్టు. అది వీటికి దేనికీ కరగదు. జాలీ ఎత్తి, వంచిన తీగతో లాగేయడమే. రోతగా ఉంటుంది, రెండు నిమిషాల పని. ఊరెళ్లి వారం తర్వాత వస్తే బాత్రూమ్ కంపు కొడుతుందా? జాలీ కింద నహానీ ట్రాప్ అని ఉంటుంది, అందులో నిలిచే నీళ్లే డ్రైనేజీ వాసనని ఆపే మూత. ఆ నీళ్లు ఆవిరైపోతే కంపు, దాని వెనకే బొద్దింకలు. నాఫ్తలీన్ ఉండలు వేస్తే వాసన మీద ఇంకో వాసన, అంతే. రెండు మగ్గుల నీళ్లు పోయండి. ఒక గంటలో వాసన తగ్గకపోతే ఆ ట్రాప్ పగిలి ఉంటుంది, అప్పుడు ఓనర్‌కి ఫోన్ చేయండి.

గీజర్ లోపల పేరుకునే సున్నం, దాని వల్ల పెరిగే కరెంట్ బిల్లు వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటా మరి.